గ్వాలియా రేకుల ఇళ్లు, మన కోలారు గని కార్మికులు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారములు.

విదేశాల్లో స్థిరపడిన పిల్లల దగ్గర కొన్ని నెలలు గడిపి వచ్చే తల్లిదండ్రులు ఇప్పుడు మన చిత్తూరు జిల్లాలో ప్రతి పల్లెలోనూ ఉన్నారు. వారిలో ఆస్ట్రేలియా వెళ్లినవారు సిడ్నీ గురించీ మెల్‌బోర్న్ గురించీ రాసిన అనుభవాలు మీ పత్రికలో చదివి సంతోషించాను. అయితే ఆ ఖండపు పశ్చిమ భాగంలో, పెర్త్ నగరానికి తూర్పున ఎర్రమట్టి నేలల మధ్య నిలిచిన కాల్గూర్లీ, గ్వాలియా వంటి బంగారు గనుల ఊళ్ల గురించి తెలుగులో నా కంటపడింది చాలా తక్కువ. మా అమ్మాయి కుటుంబంతో కలిసి కారులో ఆ ఊళ్లు చూసి వచ్చిన తరువాత ఈ ఉత్తరం రాయవలసిన బాధ్యత నా మీద ఉందని అనిపించింది. నేను కుప్పం ప్రాంతంలో సాంఘికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడిని. మా తాత, మా నాన్న ఇద్దరూ కోలారు బంగారు గనుల్లో, చాంపియన్ రీఫ్ అనే గనిలో, భూమి లోపల పనిచేసినవారు. గని మూతపడిన తరువాత, అందులో చెమటోడ్చిన మనుషుల జ్ఞాపకాన్ని ఒక ఊరు ఎలా కాపాడుకోగలదో నేను అక్కడ కళ్లారా చూశాను. అటువంటి పని మన వైపు కూడా జరగాలని, అందుకు మీ పత్రిక పూనుకోవాలని కోరడానికే ఈ ఉత్తరం.

పెర్త్ నుంచి కాల్గూర్లీకి సుమారు 600 కిలోమీటర్లు. గ్రేట్ ఈస్టర్న్ హైవే అని పిలిచే ఆ రహదారి నార్తం, మెరెడిన్, సదరన్ క్రాస్ ఊళ్ల మీదుగా మొదట గోధుమ పొలాల మధ్య, ఆపైన రాగిరంగు కాండాలతో నిగనిగలాడే సాల్మన్ గమ్ చెట్ల అడవి మధ్య సాగిపోతుంది. దారిలో చాలా దూరం రోడ్డు పక్కనే ఒక పెద్ద ఉక్కు గొట్టం మనతో పాటు వస్తూ ఉంటుంది. నూట ఇరవై ఏళ్లు దాటినా ఆ గొట్టపు మార్గం ఇప్పటికీ గనుల ఊళ్లకు మంచినీరు అందిస్తోంది. బంగారం కథ చెప్పాలంటే ముందు ఈ నీటి కథ చెప్పాలి, ఎందుకంటే నీరు లేక ఆ ఊళ్లు పుట్టినంత వేగంగానే నశించిపోవలసినవి.

1892లో ఆర్థర్ బేలీ, విలియం ఫోర్డ్ అనే ఇద్దరు కూల్గార్డీ దగ్గర బంగారం కనుగొన్నారు. మరుసటి సంవత్సరం జూన్‌లో ప్యాడీ హానన్, టామ్ ఫ్లానగన్, డ్యాన్ షీ అనే ఐర్లండ్ దేశస్థులు అక్కడికి తూర్పున సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, నేటి కాల్గూర్లీ ఉన్నచోట, మరో నిక్షేపాన్ని కనుగొన్నారు. వేలాది మంది కాలినడకన, గుర్రాల మీద, ఒంటెల మీద తరలివచ్చారు. ఆ నేలలో జీవనది లేదు, వానలు అంతంత మాత్రం, సరస్సులు ఉన్నా వాటిలో ఉన్నది ఉప్పునీరు. ఆ ఉప్పునీటిని కట్టెలతో మరిగించి, ఆవిరిని చల్లార్చి, వచ్చిన నీటిని గ్యాలన్ల లెక్కన అమ్మేవారు. స్నానానికి నీరు లేదు, పారిశుధ్యం లేదు. టైఫాయిడ్ జ్వరం గుడారాల మధ్య విజృంభించి ఎందరో యువకులను బలి తీసుకుంది.

ఈ దుస్థితికి పరిష్కారం చూపినవాడు పశ్చిమ ఆస్ట్రేలియా ప్రధాన ఇంజనీరు సి.వై. ఓకానర్. పెర్త్ దగ్గరి కొండల్లో హెలెనా నదికి మండేరింగ్ వద్ద ఆనకట్ట కట్టి, ఆ నీటిని ఎనిమిది పంపింగ్ కేంద్రాల ద్వారా 300 మీటర్లకు పైగా ఎత్తుకు చేర్చి, 500 కిలోమీటర్లు దాటిన దూరంలోని గనుల ఊళ్లకు గొట్టంలో తీసుకుపోవాలన్నది ఆయన ప్రణాళిక. రోజుకు 50 లక్షల గ్యాలన్లు అందించాలని లెక్క వేశారు. 1896లో అక్కడి పార్లమెంటు ఇందుకోసం 25 లక్షల పౌండ్ల అప్పు తీసుకోవడానికి అనుమతి ఇచ్చింది. మెఫాన్ ఫెర్గూసన్ అనే ఆస్ట్రేలియా వాసి కనిపెట్టిన పద్ధతిలో, రివెట్లు కొట్టకుండా రెండు ఉక్కు రేకుల అంచులను ఒక పొడవాటి కడ్డీతో బిగించి, 30 అంగుళాల వ్యాసం గల గొట్టాలు తయారుచేశారు. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణా నీటిని మెట్లు మెట్లుగా పంపులతో ఎత్తి రాయలసీమకు తెచ్చే హంద్రీ–నీవా పథకం కోసం దశాబ్దాలు ఎదురుచూసిన మా ప్రాంతం వారికి, ఆవిరి యంత్రాల కాలంలో ఆ పని ఎంత సాహసమో వేరే చెప్పనవసరం లేదు.

సంపాదక మహాశయా, ఓకానర్ విషయంలో పత్రికలు నిర్వహించిన పాత్రను కూడా మీ దృష్టికి తేవాలి. పథకం అసాధ్యమని కొందరు, అవినీతి జరిగిందని కొందరు ఆయన మీద దాడి చేశారు. పెర్త్‌లోని ఒక పత్రిక ఆయనను వ్యక్తిగతంగా, అతి నీచమైన మాటలతో నిందించింది. ఆ నిందలు భరించలేక 1902 మార్చి 10న ఆయన ఫ్రీమాంటిల్‌కు దక్షిణాన ఉన్న సముద్రతీరంలో గుర్రంపై నీళ్లలోకి వెళ్లి తుపాకితో కాల్చుకుని చనిపోయారు. పథకం బాగానే ఉందని, అవకాశమూ అపవాదుల నుంచి రక్షణా దొరికితే తాను పూర్తి చేయగలనని చివరి ఉత్తరంలో రాసిపెట్టారు. పది నెలల తరువాత, 1903 జనవరి 24న, పశ్చిమ ఆస్ట్రేలియా తొలి ప్రీమియర్‌గా పనిచేసిన జాన్ ఫారెస్ట్ కాల్గూర్లీలో నీటిని విడుదల చేశారు. కుళాయి తిప్పితే నీరు రాకపోవడం చూసి ఓకానర్ ఆత్మహత్య చేసుకున్నాడని ఒక కట్టుకథ ప్రచారంలో ఉంది, అది పూర్తిగా అబద్ధం, ఆయన చనిపోయేనాటికి పథకం ఇంకా పూర్తి కాలేదు. ఒక మనిషి ప్రాణం తీయడానికి సరిపోయిన రాతలు ఆ గొట్టంలో ఒక్క చుక్క నీటిని కూడా ఆపలేకపోయాయి. నేటి తెలుగు పత్రికల్లో, వాటికంటే ఎక్కువగా టీవీ చర్చల్లో, అధికారుల మీదా ఇంజనీర్ల మీదా ఆధారాలు లేకుండా పడే మాటలు విన్నప్పుడు నాకు ఈ చరిత్ర గుర్తుకు రాక మానదు. దారిలో కండర్డిన్, మెరెడిన్ ఊళ్లలో పాత పంపింగ్ కేంద్రాలను భద్రపరిచారు. ఆ దారిన వెళ్లే తెలుగువారు వాటి దగ్గర తప్పక ఆగాలి.

కూల్గార్డీ ఒకప్పుడు సుమారు 15,000 మంది నివసించిన ఊరు, పెర్త్, ఫ్రీమాంటిల్ తరువాత ఆ రాష్ట్రంలో అదే పెద్దది. నేడు అక్కడ వెయ్యి మంది కూడా లేరు. ఒంటెల బారులు వెనక్కి తిరగడానికి వీలుగా వేసిన విశాలమైన ప్రధాన వీధి, 1898 నాటి రాతి న్యాయస్థాన భవనం, దానిలోని ప్రదర్శనశాల ఆ పూర్వ వైభవాన్ని తెలియజేస్తాయి. ఆ ఒంటెలను నడిపినవారిని అక్కడ అందరినీ కలిపి ఆఫ్ఘన్లు అనేవారు గాని, వారిలో చాలామంది నాటి బ్రిటిష్ ఇండియాలోని బలూచిస్తాన్, సింధ్, పంజాబ్ ప్రాంతాల నుంచి వెళ్లినవారు. రైలు రాకముందు గనులకు తిండి, నీరు, యంత్రాలు చేరవేసినది వారే. అయినా ఆసియా వారికి బంగారం తవ్వే హక్కు పత్రం ఇవ్వకూడదని ఆనాటి చట్టం శాసించింది. బరువులు మోయడానికి పనికివచ్చిన చేతులు గడ్డపార పట్టడానికి మాత్రం పనికిరాలేదన్నమాట. ఆ నేల అసలు యజమానులైన ఆదివాసులకు జరిగిన అన్యాయం ఇంకా పెద్దది. తరతరాలుగా వారు జాగ్రత్తగా వాడుకున్న రాతి చెలమలను కొత్తగా వచ్చినవారు, వారి పశువులు కొద్ది రోజుల్లోనే తోడి ఖాళీ చేసేశారు. ఎడారిలో నీటి జాడ చూపించమని ఆదివాసులను బంధించి, దాహంతో అలమటింపజేసిన అన్వేషకులు కూడా ఉన్నారు.

కూల్గార్డీకి కొద్ది దూరంలో బోనీవేల్ అనే చోట 1907 మార్చిలో జరిగిన ఒక సంఘటనను మా మనవరాలికి అక్కడే చెప్పాను. భారీ వర్షానికి వెస్ట్రేలియా గని నీటితో నిండిపోయింది. మిగిలిన కార్మికులు బయటపడ్డారు గాని ఇటలీ నుంచి వచ్చిన మోడెస్టో వారిస్కెట్టి అనే కార్మికుడు లోపల చిక్కుకుపోయాడు. చనిపోయాడనే అనుకున్నారు, కాని రాతిని కొడుతున్న చప్పుడు పైకి వినిపించింది. చుట్టూ నీరు కమ్ముకున్నా, ఎత్తులో ఉన్న ఒక మూలలో గాలి బంధించబడి ఉండటంతో అతను బతికే ఉన్నాడు. నీటిని తోడివేయడానికి వారాలు పడుతుందని తెలిసి, సముద్రంలో మునిగి పనిచేసే డైవర్లను తీరప్రాంతం నుంచి ప్రత్యేక రైలులో రప్పించారు. ఫ్రాంక్ హ్యూస్ అనే డైవర్, అతను కూడా గని కార్మికుడే, బరువైన డైవింగ్ దుస్తులతో మునిగిన సొరంగాల్లో చీకట్లో తడుముకుంటూ వెళ్లి అతనికి తిండి, కొవ్వొత్తులు, ఉత్తరాలు అందించాడు. తొమ్మిదో రోజున అతన్ని ప్రాణాలతో బయటకు తెచ్చారు. భాష రాని, ఊరు కాని ఊరు వచ్చిన ఒక కూలీ కోసం ఆ ప్రాంతమంతా ఊపిరి బిగబట్టుకుని ఎదురుచూసింది. అతని పేరు, అతన్ని కాపాడినవాని పేరు నేటికీ అక్కడ తెలియనివారు ఉండరంటే, వాటిని ఎవరో శ్రద్ధగా రాసి పెట్టడం వల్లనే. కోలారు గనుల్లో ఒత్తిడికి రాయి పేలినప్పుడల్లా, రాక్‌బర్స్ట్ అని మా పెద్దలు భయంతో పలికే ఆ ప్రమాదం జరిగినప్పుడల్లా, లోపల చిక్కుకున్నవారి కోసం ప్రాణాలకు తెగించి దిగినవారు మనలోనూ ఎందరో ఉన్నారు. వారి పేర్లు చెప్పమంటే చెప్పగలిగినవారు నేడు ఎందరున్నారు?

కాల్గూర్లీ సుమారు 30,000 మంది నివసించే, కళకళలాడే ఊరు. పాత హోటళ్లు, పురభవనం, హానన్ పేరు పెట్టిన వీధి, ఆ వీధిలో తన నీటి సంచి నుంచి బాటసారులకు దాహం తీర్చే ఆయన కంచు విగ్రహం చూడదగినవి. ఊరి పక్కన గోల్డెన్ మైల్ అని పేరుపొందిన నేలలో మొదట పలుగురాళ్లలో మెరిసే బంగారం కోసమే వెతికారు. టెల్లూరియం అనే మూలకంతో కలిసిపోయిన బంగారం కంటికి బంగారంలా కనిపించదు. దాని విలువ తెలియక ఆ రాళ్లను రోడ్డు గుంతలు పూడ్చడానికి వాడారని, 1896లో సంగతి బయటపడగానే ఆ రోడ్లనే తవ్వుకున్నారని అక్కడివారు చెబుతారు. 1893 నుంచి ఇప్పటివరకు ఆ నేల అయిదు కోట్ల ఔన్సులకు పైగా బంగారం ఇచ్చింది.

పక్కపక్కనే ఉన్న పాత భూగర్భ గనులన్నీ కలిపి 1989 నుంచి ఒకే ఒక్క బహిరంగ గనిగా తవ్వుతున్నారు. సూపర్ పిట్ అని పిలిచే ఆ గొయ్యి పొడవు సుమారు మూడున్నర కిలోమీటర్లు, వెడల్పు ఒకటిన్నర కిలోమీటరు, లోతు 600 మీటర్లు. సందర్శకుల కోసం కట్టిన అరుగు మీద నిలబడి చూస్తే, రెండువందల టన్నులకు పైగా రాయిని మోసే వాహనాలు అడుగున చీమల్లా పాకుతుంటాయి. గొయ్యి గోడల్లో అక్కడక్కడా చిన్న చిన్న నల్లని రంధ్రాలు కనిపించాయి. అవేమిటని అడిగిన మా అల్లుడికి, అవి పాత కార్మికులు చేతులతో తొలిచిన సొరంగాల నోళ్లని చెప్పాను. మా నాన్న అటువంటి సొరంగంలో వంగి, కొన్నిసార్లు పడుకుని, రాయి తొలిచేవాడు. అంత పెద్ద గొయ్యిని చూసి ఆశ్చర్యపోతున్నవారి మధ్య నా చూపు ఆ రంధ్రాల మీదనే నిలిచిపోయింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. సూపర్ పిట్ విస్తరించే కొద్దీ పాత గనుల కట్టడాలు చాలావరకు దానిలో కలిసిపోయాయి. అయినా కొన్నింటిని విడదీసి తెచ్చి నిలబెట్టారు. కాల్గూర్లీ మ్యూజియం ముందు ఆకాశంలోకి లేచి కనిపించే ఎర్రని ఇనుప కట్టడం ఒకప్పుడు ఐవన్‌హో గని నోటి మీద నిలిచి, కార్మికులను లోపలికి దింపిన హెడ్‌ఫ్రేమ్. ఉన్నచోట కాపాడలేకపోయినా మరోచోటికి తరలించి కాపాడవచ్చు. మనవైపు పాత కట్టడాల విషయంలో తరచూ వినిపించే, అభివృద్ధా లేక చరిత్రా అన్న ప్రశ్నకు ఆ ఎర్రని కట్టడమే సమాధానం.

అక్కడి చరిత్రలో సిగ్గుపడవలసినవీ ఉన్నాయి. 1934 జనవరిలో ఒక గొడవలో స్థానికుడు చనిపోగా, ఇటలీ నుంచీ స్లావ్ దేశాల నుంచీ వచ్చిన కార్మికుల ఇళ్లను, దుకాణాలను గుంపులు తగలబెట్టాయి. వారిస్కెట్టి కోసం ఊపిరి బిగబట్టిన ప్రాంతమే ఇరవై ఏడేళ్ల తరువాత అతని దేశస్థుల మీద విరుచుకుపడింది. ఆ ఘటనల గురించి ఇప్పుడు అక్కడ బహిరంగంగానే రాస్తున్నారు, మాట్లాడుతున్నారు. నేను వారిని మెచ్చుకోవడానికి అది కూడా ఒక కారణం.

కాల్గూర్లీకి దగ్గరలోనే కనౌనా అనే చోటు ఉంది. పందొమ్మిదో శతాబ్దం చివర వేలాది మంది నివసించిన ఆ ఊరిలో నేడు ఒక్క ఇల్లు లేదు. శ్మశానమూ పాత రైలు ప్లాట్‌ఫారం ఆనవాళ్లూ, ఎక్కడ ఏముండేదో చెప్పే బోర్డులూ తప్ప మరేమీ మిగలలేదు. బంగారం అయిపోతే ఊరి గతి అదే అనుకుని అక్కడి నుంచి ఉత్తరానికి బయలుదేరాము. మెంజీస్ మీదుగా 230 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి గ్వాలియా చేరిన తరువాత ఆ అభిప్రాయం మార్చుకోవలసి వచ్చింది.

గ్వాలియాలో సన్స్ ఆఫ్ గ్వాలియా అనే గని 1897 నుంచి 1963 వరకు నడిచింది. తరువాతి కాలంలో అమెరికా అధ్యక్షుడైన హెర్బర్ట్ హూవర్ 1898లో, తన ఇరవై మూడో ఏట, ఆ గనికి మేనేజరుగా వచ్చాడు. ఖర్చు తగ్గించాలన్న పట్టుదలతో ఇటలీ కార్మికులను ఎక్కువగా తీసుకున్నాడు. గని అంచున ఆయన పేరుతో ఉన్న బంగళా నేడు అతిథి గృహం. కలపతో కట్టిన గని హెడ్‌ఫ్రేమ్ కూడా పదిలంగా ఉంది. పర్యాటక ప్రకటనల్లో ఈ బంగళా బొమ్మే ఎక్కువగా కనిపిస్తుంది. నా మనసును కదిలించినవి మాత్రం కొండ దిగువన ఉన్న కార్మికుల ఇళ్లు.

1963 డిసెంబరు చివరలో గని ఉన్నట్టుండి మూతపడింది. సుమారు 1,200 మంది ఉన్న ఊరు కొద్ది వారాల్లోనే ఖాళీ అయింది. మోయగలిగినది మోసుకుని రైలెక్కారు, మిగిలినదంతా ఎక్కడిదక్కడే వదిలేశారు. నలభై మంది దాకా మాత్రం మిగిలారు. ఆ తరువాత 1970ల తొలినాళ్లలో, ఇంకా అన్నీ దుమ్ములో కలిసిపోకముందే, స్థానికులు పాత గని కార్యాలయంలో ఒక మ్యూజియం మొదలుపెట్టారు. దానితో పాటు ఊళ్లో నిలిచిన ఇళ్లను కూలనివ్వకుండా ఒక్కొక్కటిగా బాగుచేసుకుంటూ వచ్చారు. అవి గొప్ప భవనాలు కావు. గరుకు కలప గుంజలు, పైన చుట్టూ రేకులు, లోపల గోడలకు గోనెపట్ట, దాని మీద సున్నం లేదా పాత కాగితాలు. కొన్నిటి గచ్చు ఉత్త మట్టి. ఒక గదిలో ఇనుప మంచం, మరో గదిలో పొయ్యి, గోడకు తగిలించిన పెనం, కిటికీ గట్టు మీద సీసాలు. పాట్రోనీ అతిథి గృహం, మాజా దుకాణం అంటూ అక్కడ బతికిన, వ్యాపారం చేసిన కుటుంబాల పేర్లతోనే ఆ కట్టడాలను పిలుస్తున్నారు. తాళాలు లేని ఆ ఇళ్లలోకి ఎవరైనా వంగి లోపలికి వెళ్లి చూడవచ్చు.

ఆ తలుపుల్లోంచి వంగి వెళుతున్నప్పుడు నాకు చాంపియన్ రీఫ్ లైన్ ఇళ్లు కళ్ల ముందు నిలిచాయి. మా తాత కాలంలో అవి వెదురు తడికల గుడిసెలు, నాన్న కాలానికి పెంకుల వరస ఇళ్లయ్యాయి. పది అడుగుల గదిలో ఆరుగురు, ఏడుగురు బతికేవారు. మూడు షిఫ్టుల్లో నడిచే గని కూతను బట్టి వంటలు, నిద్రలు, పెళ్లిళ్లు, చావులు అన్నీ సాగేవి. కుప్పం నుంచి రైల్లో బంగారుపేట, అక్కడి నుంచి మారికుప్పం దాకా వెళ్లే బండిలో మా చుట్టుపక్కల పల్లెల నుంచి పనికి వెళ్లినవారు వందలకొద్దీ ఉండేవారు. తెలుగు, తమిళం, కన్నడం కలగలిసిన ఆ లైన్లలో పుట్టిన భాష, పండుగలు, సంఘాల పోరాటాలు దక్షిణ భారత కార్మిక చరిత్రలో పెద్ద అధ్యాయం. 1902లోనే శివనసముద్రం నుంచి విద్యుత్తు వచ్చిన చోటు అది. 3,000 మీటర్లకు మించిన లోతులో, భరించలేని వేడిలో, మనవారు బంగారం తవ్వారు. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి, మా నాన్నతో పనిచేసినవారిలో చాలామంది అరవై ఏళ్లు నిండకుండానే వెళ్లిపోయారు. 2001 ఫిబ్రవరి 28న కోలారు గనులు మూతపడ్డాయి. మన జిల్లాలోని బిసానత్తం, చిగురుకుంట గనులు, అనంతపురం వైపు రామగిరి గని కూడా ఆ రోజుల్లోనే నిలిచిపోయాయి.

కోలారు గనుల పేరుతో సినిమాలు వచ్చాయి, ఆ పేరు నేడు దేశమంతటికీ తెలుసు. కాని కుప్పం, రామకుప్పం, గుడుపల్లె, వి.కోట మండలాల నుంచి అక్కడికి వెళ్లి పనిచేసిన తెలుగు కుటుంబాల బతుకును చూపే ఒక్క గది కూడా మన రాష్ట్రంలో నాకు తెలిసినంతలో లేదు. గని నడిచిన రోజుల్లో ఇరవై ఏళ్ల యువకులుగా చేరినవారికి ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్లు. గ్వాలియాలో గని మూతపడ్డ పదేళ్లలోపే పని మొదలుపెట్టారు. మనకు సుమారు పాతికేళ్లు గడిచిపోయాయి. చిగురుకుంట, బిసానత్తం ప్రాంతంలో మళ్లీ తవ్వకాలు మొదలవుతాయన్న మాట తరచూ వినిపిస్తోంది. మొదలైతే మా పిల్లలకు ఉపాధి దొరుకుతుంది, అందుకు నేను వ్యతిరేకిని కాను. గ్వాలియాలో కూడా మ్యూజియం పక్కనే గని తిరిగి తెరిచారు, అది నేడు 1,500 మీటర్ల లోతు దాటి నడుస్తోంది, అయినా రేకుల ఇళ్లకు చేటు కలగలేదు. యంత్రాలు రాకముందే ఏది కాపాడాలో రాసిపెట్టుకోవాలని మాత్రమే నేను అంటున్నాను.

అందువల్ల మీకు నా విన్నపం ఇది. మీ జిల్లా సంచికలో వారానికి ఒక్కసారి, ఒక పాత గని కార్మికునితోనో, గని కార్మికుని భార్యతోనో మాట్లాడి, వారి మాటల్లోనే అచ్చువేయండి. గనిలో దిగేటప్పుడు వారు ఏమి కట్టుకునేవారు, ఏమి తినేవారు, లోపల వేడిని ఎలా తట్టుకునేవారు, ప్రమాదం జరిగిన రోజున గని నోటి దగ్గర ఆడవాళ్లు ఎంతసేపు నిలబడేవారు, జీతం రోజున అంగళ్లలో ఏమి జరిగేది, గని మూతపడిన తరువాత మొదటి ఏడాది ఇల్లు ఎలా గడిచింది అన్నవి అడగవలసిన ప్రశ్నలు. వారి ఫోటోలు, గుర్తింపు కార్డులు, జీతపు చీటీలు, దీపాలు ఇంకా అటకల మీద ఉన్నాయి. చూసినవాడిగా చెబుతున్నాను. వాటి నకళ్లయినా తీసి భద్రపరచాలి. ద్రావిడ విశ్వవిద్యాలయం కుప్పంలోనే ఉంది. మూడు భాషల నేల మీద నిలిచిన ఆ సంస్థకు ఇంతకంటే తగిన పరిశోధన మరొకటి ఉండదు. పురావస్తు శాఖ, పర్యాటక శాఖ కలిసి బిసానత్తం దగ్గర మిగిలిన కట్టడాలను పరిశీలించి, కాపాడదగినవేవో నిర్ణయించాలి. ఇందుకు కోట్లు అవసరం లేదు. గ్వాలియాలో మొదట ఉన్నది ఒక పాత కార్యాలయ భవనం, కొందరి పట్టుదల మాత్రమే.

ఆస్ట్రేలియాలోని మన తెలుగు కుటుంబాలకు కూడా ఒక మాట. తల్లిదండ్రులు వచ్చినప్పుడు ఈ ఊళ్లకు తీసుకువెళ్లండి. అక్కడి వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది గనుక అక్కడి చలికాలమైన జూన్, జూలై నెలల్లోనో, అడవి పూలు పూసే ఆగస్టు, సెప్టెంబరు నెలల్లోనో వెళ్లడం మంచిది. నీళ్లు సమృద్ధిగా పెట్టుకోవాలి. పెట్రోలు బంకు కనిపించిన చోటల్లా నింపుకోవాలి. చాలా చోట్ల ఫోను పనిచేయదు. సంధ్యవేళ కంగారూలు రోడ్డు మీదికి దూకుతాయి గనుక చీకటి పడకముందే బస చేరుకోవాలి. అంతదూరం కారులో కూర్చోలేని పెద్దలకు పెర్త్ నుంచి కాల్గూర్లీ దాకా రైలు ఉంది. గ్వాలియాకు మాత్రం కారు తప్పదు. గనుల్లో పనిచేసిన పెద్దలు మీ ఇంట ఉంటే వారిని తప్పక తీసుకువెళ్లి, అక్కడ వారు చెప్పే మాటలను ఫోనులో రికార్డు చేసుకోండి.

మీ పత్రిక ఈ శీర్షిక మొదలుపెట్టడానికి అంగీకరిస్తే, కుప్పం చుట్టుపక్కల గ్రామాల్లో నాకు తెలిసిన పాత కార్మికుల జాబితా తయారుచేసి మీ విలేఖరికి అందజేస్తాను. నా పూర్వ విద్యార్థుల్లో కొందరు ఇప్పుడు ఉపాధ్యాయులుగా ఉన్నారు, ఇంటింటికీ వెళ్లి వివరాలు సేకరించడానికి వారు సిద్ధంగా ఉన్నారు. వచ్చే నెలలో నేను స్వదేశానికి తిరిగి వస్తున్నాను. ఆ తరువాత ఏ రోజున పిలిచినా మీ కార్యాలయానికి రాగలను.

భవదీయుడు,
విశ్రాంత ఉపాధ్యాయుడు,
కుప్పం (ప్రస్తుతం పెర్త్, ఆస్ట్రేలియా)